మా వీధి కాలువ మట్టం

మా ఇల్లు ప్రొద్దుటూరులో ఉందని చెప్పడం పూర్తిగా నిజం కాదు. జమ్మలమడుగు రోడ్డులో మున్సిపాలిటీ హద్దురాయి దాటాక, నా స్కూటరు మీటరు ప్రకారం ఒక కిలోమీటరు ఎనిమిది వందల మీటర్ల దూరంలో, ఒకప్పుడు శనగ పండిన నల్లరేగడి నేలలో వేసిన లేఅవుట్ మాది. నాలుగు సెంట్ల స్థలం, మూడు వైపులా కిటికీలు. బజారులో మేం బాడుగకున్న ఇంట్లో పగలైనా లైటు వెయ్యనిదే బియ్యంలో రాయి కనబడేది కాదు. ఇక్కడ నా భార్య సాయంత్రం ఆరు దాకా కిటికీ వెలుతురులోనే పని ముగించుకుంటుంది. చెట్లు నాటుకునే జాగా ఉంది, ఉత్తరపు గాలి ఉంది.

లోపాలు దాచను. ఆటోవాళ్లు తిరుగు బాడుగ కూడా అడుగుతారు. గ్యాసు సిలిండరు మెయిన్ రోడ్డు వరకే వస్తుంది. వీధి దీపం గురించి అడిగితే మున్సిపాలిటీ పంచాయతీని చూపిస్తుంది, పంచాయతీ లేఅవుట్ వేసినవాళ్లను చూపిస్తుంది. ఇవన్నీ భరించాం. భరించలేకపోయింది వానను.

వాన గట్టిగా కురిస్తే పక్కకాలువ నిండి నీళ్లు రోడ్డెక్కేవి. రేగడి నేల నీటిని తొందరగా పీల్చదు కాబట్టి మూడు రోజులు కదిలేవి కావు. మేం వచ్చిన రెండో ఏడు, వేసవిలో పడిన అకాల వానకు ఆ మురికినీళ్లు గేటు పక్కనున్న మా సంపులోకి దిగాయి. తాగడానికీ వండుకోవడానికీ మాకున్నది ఆ నీళ్లే. సంపు కడిగించిన రోజున నా భార్య చెప్పింది:

"ఇంగొక్కసారి దీంట్లోకి మురికినీళ్లొస్తే నేనీడ ఉండను. టౌన్లో బాడుగిల్లు చూసి పెట్టమని మా తమ్మునికి చెప్పినా."

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె అన్న మాట వెనక్కి తీసుకోవడం నేను చూడలేదు. నా జీతంతో నేను కట్టిన ఒకే ఒక్క ఇల్లు అది. అసలు వానలకు ఇంకా ఆరు వారాల గడువుంది.

ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రంలో మీటర్ల రీడింగు సరిచూడటం నా ఉద్యోగం. అలవాటు ప్రకారం కొలతలతో సహా వీధి పటం గీసి, చివరనున్న వంకలో, అంటే కాలువ కలిసే వాగులో, పూడిక పేరుకోవడమే దీనికి కారణమని పంచాయతీకి మూడు అర్జీలు పెట్టాను. ఎవరూ రాలేదు. కువైట్‌లో చాలా ఏళ్లు మేస్త్రీగా చేసి తిరిగొచ్చిన ఎదురింటి భాయ్ నా పటం చూసి నవ్వాడు.

"సార్, కాగితం మీద నీళ్లు పారవు. ట్యూబు పట్టి చూద్దాం రాండి."

మేస్త్రీలు మట్టం చూసే సన్నటి ప్లాస్టిక్ గొట్టమది. బుడగ లేకుండా నీళ్లు నింపితే, గొట్టం ఎంత పొడవున్నా రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఆదివారం ఉదయం ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని, కాంపౌండు గోడల మీద సుద్దతో గీతలు పెడుతూ, ఒక్కో గీత నుంచి కాలువ అడుగు వరకు టేపుతో కొలుస్తూ ఎగువ నుంచి బయల్దేరాం. మాకు ఎగువన పక్కిల్లే అవ్వది. గండికోట రిజర్వాయరు నీళ్లలో ఊరు మునిగి, కొండాపురం నుంచి కొడుకుతో వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నామె. అరుగు మీద నుంచి ఆమె మమ్మల్ని పట్టి పట్టి చూసింది.

"ఏమప్పా, పెద్దమనుషులు పైపు పట్టుకోని ఆటలాడతాండారా?"

"నీళ్లకు దారి చూపిస్తాండాం అవ్వా," అన్నాడు భాయ్.

"నీళ్లకు దారి తెలుసులేప్పా. అడ్డమేందో చూడండి. ఆడ ఊరు ముంచె, ఈడ ఇల్లు గూడా ముంచితే ఇంగ యాడికి పోవల్ల?"

ప్రతి పది మీటర్లకు కాలువ అడుగు మూడు నాలుగు సెంటీమీటర్లు దిగుతూ వచ్చింది. అవ్వ ఇంటి వరకు ఒక్క తేడా లేదు. మా గేటు ముందు మాత్రం తొమ్మిది సెంటీమీటర్లు పైకి లేచింది. గొట్టంలో బుడగ ఉందన్నాను. నీళ్లు మార్చి చూశాం, తొమ్మిది. కొసలు మార్చుకుని చూశాం, తొమ్మిదే.

"సార్, ప్లాంటులో మీటర్లు సరిజేసేది మీరేనంట గదా!" అన్నాడు భాయ్, నవ్వు ఆపుకోకుండా.

"దొంగ ఇంట్లోనే ఉండాడా!" అంది అవ్వ.

వీధిలో అందరికంటే ముందు కట్టిన ఇల్లు మాది. అప్పటికి కాలువ లేదు. స్కూటరు ఎగుడుదిగుడు లేకుండా లోపలికి రావాలని గేటుకు సమానంగా సిమెంటు ర్యాంపు పోయించి, దాని కింద పైపు వేయించాను. ఆ పైపు ఎంత ఎత్తులో ఉండాలో నా గడప నుంచి కొలిచానే తప్ప వంక నుంచి కొలవలేదు. వీధి నీళ్లన్నీ అక్కడ ఆగి, కొంత అవ్వ ఇంట్లోకి, కొంత నా సంపులోకి వెళ్తున్నాయి.

మరుసటి రోజు సెలవు పెట్టి ర్యాంపు పగలగొట్టించాను. మొదటి సమ్మెట దెబ్బ నేనే వేశాను. కాలువ అడుగును భాయ్ కొత్త మట్టానికి తీశాడు. స్కూటరు దాటడానికి కాలువ పైన అడ్డంగా రెండు కడప బండలు పరిచాం. పూడిక తీయాలంటే ఇద్దరు మనుషులు వాటిని ఎత్తవచ్చు. అది చూసి దిగువనున్న నాలుగిళ్లవాళ్లూ తమ ర్యాంపుల కింద ట్యూబు పట్టించుకున్నారు. రెండు తప్పని తేలాయి. వాళ్లూ పగలగొట్టి బండలే వేసుకున్నారు. వంక పూడిక తీయడానికి ఇంటికొక మనిషి పార పట్టుకుని వచ్చాడు. పట్నం నడిబొడ్డున పదిహేనేళ్లు బాడుగకున్నాను. ఒక్క వీధి ఇలా కదలడం ఎప్పుడూ చూడలేదు. ఎవరూ రాని చోట ఉండటం వల్లనే మాకు ఈ పని చేతనైంది.

ఆరో వారం చివర, మధ్యాహ్నం రెండింటికి వాన మొదలై గంటంబావు ఎడతెరపి లేకుండా కురిసింది. గొడుగులతో అందరం వీధిలోకి వచ్చాం. కాలువలో నీళ్లు మట్టిరంగులో, వేగంగా, ఎక్కడా రోడ్డెక్కకుండా వంకలోకి దిగిపోతున్నాయి. అవ్వ కూడా కొడుకు చెయ్యి పట్టుకుని చివరిదాకా నడిచి, నీళ్లు వంకలో పడేచోట నిలబడి చూసింది.

వాన వెలిశాక నా భార్య సంపు మూత తీసింది. చెంబుతో నీళ్లు ముంచి, స్టీలు గ్లాసులో పోసి, వాసన చూసి, సగం తాగింది. తర్వాత తమ్మునికి ఫోను చేసింది.

"ఆ ఇల్లు ఇంగెవరికన్నా ఇచ్చుకోమను. మేం యాడికీ రాం." అవతలివైపు ఏదో అడిగినట్టున్నాడు. "ఆఁ, బాగుండాదిలే. పాలకు మటుకు ఇంగా రెండు కిలోమీటర్లు పోవల్ల. మీ బావ పోతాడు."