ఈల ఊదని రిఫరీ

పైడయ్య మావకు ఒకటే జబ్బు. తన కళ్లముందు ఎవరూ ఓడిపోకూడదు. గవ్వలాటలో ఎదుటివాడు ఓడేలా ఉంటే గవ్వలన్నీ కలిపేసి "మళ్లీ మొదట్నించి" అనేవాడు. కొళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటే ఇద్దరిదీ న్యాయమేనని చెప్పి, ఇద్దరిచేతా తిట్లు తినేవాడు.

అలాంటి మనిషిని మా ఐరిష్ దొర రిఫరీని చేశాడు. మావ దగ్గర ఈల ఉంది, దొరకు ఆ అర్హత చాలింది.

అవి మలయాలో తెల్లదొరల ప్రభుత్వం అడవుల్లోని కమ్యూనిస్టులమీద పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. క్లాంగ్ దగ్గరి మా రబ్బరు తోటలో ఇళ్లచుట్టూ ముళ్లకంచె. పాసు లేనిదే పక్క తోటకు కూడా పోనివ్వరు. దొర తన దేశపు గేలిక్ ఫుట్‌బాల్ పోటీ పెట్టి, ఆట ఉన్న ఆదివారం మాత్రం అందరికీ పాసులు ఇప్పించాడు. బంతిని చేత్తో పట్టొచ్చు, కాలితో తన్నొచ్చు. అడ్డకర్ర కిందనుంచి పోతే మూడు పాయింట్లు, పైనుంచి పోతే ఒకటి. ఓడిన జట్టు పోటీలోంచి పోయినట్టే, దాంతోపాటు పాసులూ పోయినట్టే.

నది అవతలి తోటతో మా మొదటి ఆట. టైమైపోయింది, ఒక్క పాయింటు ముందున్నాం, మావ ఈల ఊదడే! అవతలివాళ్లు సమం చేశాకే ఊదాడు. సమమైతే మళ్లీ ఆడాలి. మళ్లీ ఆడాం, మళ్లీ సమం. ఆ తర్వాతి ఆదివారం నేను తన్నిన బంతి కర్రమీంచి శుభ్రంగా పోతే మావ లెక్కలో వేయలేదు. అడిగితే, మలయాలో అందరూ మాట చివర తగిలించే 'లా'తో సహా అన్నాడు:

"నాను సూణ్ణేదు లా. కంట్లో నలక పడిపోనాది."

"రెండు కళ్లలోనేటి మావా?"

"ఒక కన్ను మూసుకుంటే రెండోది ఊరుకుంటాదేటిరా?"

మెర్డెకా, అంటే మలయా స్వాతంత్ర్య దినం, దగ్గర పడుతోంది. దొర నెత్తి బాదుకున్నాడు. "పైడయ్యా, మెర్డెకాలోపు ఎవరో ఒకరు గెలవకపోతే కప్పు పట్టుకుని ఓడెక్కేస్తాను!"

ఆ ఆదివారమే బంతి కోసం గోలు వెనక్కి పరుగెత్తాను. అక్కడ మరిడమ్మ పిన్ని, అవతలి తోటలో కాపురమున్న కూతురు చిన్నతల్లికి అన్నం కలిపి పెడుతోంది. పిల్లకు నెలలు నిండుతున్నాయి.

"ఆట అయిపోనాదేటిరా?" అని పిన్ని బెదిరిపోయింది.

తల తిప్పి చూస్తే మావ చూపు బంతిమీద లేదు, పిన్ని క్యారేజీమీద ఉంది. అప్పుడర్థమైంది, నలక ఎందుకు పడిందో. నాకు మావమీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ తర్వాత నా కాలు కూడా ఎందుకో తెగ జారడం మొదలుపెట్టింది. పిన్ని క్యారేజీ మూత పెట్టింది, మావ ఈల ఊదాడు. సమం!

మెర్డెకా రావాల్సిన నెలలోనే మా వైపు కంచె తీసేశారు. మరుసటి ఆటకు గోలు వెనక ఎవరూ లేరు. పిన్ని మనవడికి నీళ్లు పోయడానికి పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయింది. మావ ఖాళీ చోటు ఒకసారి చూసి, సరిగ్గా టైముకు ఈల ఊదేశాడు.

"మావా, మనమే ఓడిపోనాం లా!"

"ఓడితే ఏటి? గేటు తీసినారు గదా."

దొర ఆనందం పట్టలేక మావను కౌగిలించుకున్నాడు. మావ మెల్లగా అతని చెవిలో అన్నాడు: "దొరా, ఓడినోళ్లకి కూడా ఒక కప్పు ఇచ్చేస్తే సరిపోద్ది గదా?"