షట్టర్ మాస్టారికి తట్టనిది

"నాకు తెలీదు" అన్న మాట షట్టర్ మాస్టారి నోట ఆయన భార్య కూడా ఎన్నడూ వినలేదు. బజారులో ఏ దుకాణం షట్టరు మొరాయించినా ఆయన రావాల్సిందే. వచ్చి, ఓసారి పైకీ కిందికీ ఆడించి, రోగమేమిటో చెప్పేసేవాడు. ఒక్క రోగానికి మాత్రం మందు దొరకలేదు. ఓ పక్క పట్టుకుని లాగితే షట్టరు వంకరగా లేచి బిగుసుకుపోతుంది. గ్రీజు పూశాడు, స్ప్రింగులు మార్చాడు, పట్టాలు వెడల్పు చేశాడు. చివరికి "మీకు లాగడం రాదండీ" అని తప్పు దుకాణాలవాళ్ల మీదికే నెట్టేశాడు. ఘనుడు మరి!

ఆయన దగ్గరే పని నేర్చిన చెల్లెలు షట్టరు అడుగు పట్టీలోంచి ఒక ఉక్కు తీగను అటూ ఇటూ కప్పీల మీదుగా పోనిచ్చింది. ఒక మూల లేస్తే రెండో మూలనూ ఆ తీగే లేపుతుంది. ఎటు లాగినా షట్టరు తిన్నగా లేచింది.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు మాస్టారు.

చెల్లెలు దరఖాస్తు పెడితే పేటెంటు ఆఫీసూ అదే అంది, కాస్త పెద్ద మాటల్లో. పని తెలిసినవాడెవడికైనా ఇట్టే తట్టే విషయమట, పేటెంటు ఇవ్వరట. నమూనా చూసి వెళ్లిన పెద్ద కంపెనీ ఒకటి దాన్ని తన సరుకుగా అమ్ముకోవడానికి కాచుక్కూర్చుంది. చెల్లెలు అప్పీలు చేసింది.

లాయరమ్మ వర్క్‌షాపుకొచ్చి, "ఈ పనిలో మీకంటే మొనగాడు లేడంటారు. మీరే ప్రయత్నించి ఓడిపోయానని చెబితేనే మన కేసు నిలబడుతుందండీ" అంది.

మాస్టారి ముఖం మాడిపోయింది. "నలుగురిలో నా పరువు నేనే తీసుకోవాలా?"

"వద్దులే అన్నయ్యా, నీ పేరు పోగొట్టి నాకు పేరెందుకు?" అని చెల్లెలు ఆకురాయి అందుకుంది. ఆ మాట ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

విచారణ రోజున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు. గ్రీజు దగ్గర్నుంచి ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు.

"మరి మీ చెల్లెలు చేసింది చూడగానే ఏమన్నారు?" అడిగాడు అప్పీళ్లు వినే బోర్డు పెద్ద.

చెల్లెలు కంగారుగా లాయరమ్మ వైపు చూసింది.

"ఓస్, ఇంతేనా అన్నానండీ. చూశాక ఎవరైనా అంటారు. చూడకముందు చెప్పగలిగినవాణ్ణి ఒక్కణ్ణి తీసుకురండి. నేనైతే కాదు. నాకు తట్టలేదు."

అప్పీలు నెగ్గింది. మెట్లు దిగుతూ చెల్లెలు కళ్లు తుడుచుకుంది. "నా కోసం తల దించుకున్నావు అన్నయ్యా."

"ఎవరు దించుకుంది?" అని మాస్టారు గేటు దగ్గరి కాపలావాణ్ణి ఆపి మరీ చెప్పాడు. "ఏమయ్యా, నా అంతవాడికే తట్టనిది మా చెల్లెలికి తట్టింది!"