టేపు సున్నా ఎక్కడ?

ఆఫీసులో అందరూ అతన్ని టేపు మాస్టారు అంటారు. పట్టణ ప్రణాళిక విభాగంలో సర్వేయరు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క గోడ విషయంలోనూ ఎవరిచేతా మాట పడలేదు. ఆ గర్వం కాస్త ఎక్కువే. పోనివ్వండి, మనిషన్నాక ఏదో ఒకటి ఉండాలిగా.

ఆ ఏడు నది ఒడ్డున కట్టడాల నియమాలు తిరగరాయాలనుకున్నారు. ఏ నగరం నదికి ఎంత దూరం వదులుతోందో పట్టిక వేసే పనిని ఆఫీసరు తెచ్చి మాస్టారి నెత్తిన పెట్టాడు. ఒకచోట ముప్పై మీటర్లు, ఒకచోట యాభై, ఇంకోచోట ఏకంగా వంద. పట్టిక ఒక్క పూటలో తయారైంది.

"వాళ్లదీ ముప్పై, మనదీ ముప్పై. మనమేం తీసిపోలేదయ్యా" అని ఆఫీసరు మురిసిపోయాడు.

మాస్టారికి మాత్రం ఆ వంద మింగుడుపడలేదు. అంత వదిలితే ఆ ఊళ్లో నదిని ఆనుకుని అన్ని భవనాలు ఎలా లేచాయి? అక్కడి సర్వేయరుకి ఫోన్ చేశాడు.

"వందే లెండి. కాకపోతే కొలిచేది నది మధ్య నుంచి. సగం నదికే పోతుంది" అని నవ్వాడాయన.

ఇక ఊరుకుంటాడా? ముప్పై మీటర్ల నగరానికీ చేశాడు. ఫోనెత్తిన ఆవిడ, "మేం వరద మరక నుంచి కొలుస్తాం. అన్నిటికన్నా పెద్ద వరద ఎక్కడిదాకా వచ్చిందో అక్కణ్ణుంచి. మరి మీరు?" అంది. మాస్టారు నీళ్లు నమిలాడు.

నమలడా మరి! వీళ్ల ఆఫీసులో నది కొలతలన్నీ ఎండాకాలంలోనే. బురద ఉండదు, చెప్పులు పాడవవు. టేపు సున్నాను నీటి అంచున పెట్టి ముప్పై లెక్కపెట్టడం పాతవాళ్లు నేర్పిన పద్ధతి. ఎండాకాలంలో నీరెక్కడుంటుంది? నది నడుమ సన్నగా పారుతుంటుంది. అంటే వదిలామనుకున్న ముప్పైలో ఇరవై రెండు మీటర్లు వరదొస్తే మునిగే ఇసుకే. ఆ గీత గీసింది, ఉద్యోగంలో చేరిన కొత్తలో, సాక్షాత్తూ మాస్టారే.

ఆ గీతను నమ్మి ఇల్లు కట్టుకున్నవాళ్లలో అతని అక్క కూడా ఉంది. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే. బట్టలు కుట్టి పెంచింది. ఇప్పుడు కూతురూ అల్లుడూ ఇద్దరు పిల్లలూ ఆవిడ ఇంట్లో ఒక్క గదిలో సర్దుకుంటున్నారు. మేడ మీద ఇంకో వాటా వేసుకుంటానని ఆవిడ పెట్టిన దరఖాస్తు ఆఫీసులో ఉంది. వరద మరక నుంచి సరిగ్గా కొలిస్తే ఆ ఇల్లు కొత్త గీతకి పదకొండు మీటర్లు లోపల, నది వైపు పడుతుంది. పాత ఇల్లు ఉంటుంది గానీ, పైన ఒక్క ఇటుక పెట్టడానికి వీల్లేదు.

పట్టికలో "ఎక్కణ్ణుంచి కొలిచారు" అని ఇంకో గడి కలుపుతానని మాస్టారు ఆఫీసరుకి చెప్పాడు.

"ముందు మీ అక్కయ్యగారిది పాస్ చేద్దాం. ఎక్కణ్ణుంచి కొలిచారన్న గడి వచ్చే నెల కలపండి. కొంపలేం మునగవు" అన్నాడు ఆఫీసరు.

మునిగేవి కొంపలే కదా అనుకున్నాడు మాస్టారు. సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

అక్క కత్తెర పక్కన పెట్టింది. "ఒరే, ఇక్కడ కట్టుకోమన్నదెవరు?"

"నేనే."

"ప్లాను మీద సంతకం?"

"నాదే."

"మీ ఆఫీసరే నెల ఆగమంటుంటే నీకేం పొయ్యేకాలం రా?"

"నీకు ఇచ్చేసి, పక్కింటివాళ్లకి లేదని ఎలా చెప్పనక్కా? కొత్త గీత లోపల రెండొందల ఇళ్లున్నాయి."

"ఆ రెండొందల ఇళ్లవాళ్లూ నీకు అన్నం పెట్టలేదు" అంది అక్క.

మాస్టారు లేచాడు. దారంతా ఏడుపు ఆపుకుంటూ ఇంటికి నడిచాడు.

మర్నాడు పట్టికలో కొత్త గడి కలిపాడు. తమ ఊరి పేరుకెదురుగా "ఎండాకాలపు నీటి అంచు" అని రాసి, గీత గీసినవారు అన్నచోట తన పేరు రాశాడు. పట్టిక పై అధికారులకు వెళ్లింది. ఇకపై వరద మరక నుంచే కొలవమని వాళ్లు రాశారు. వారం తిరక్కుండా అక్క దరఖాస్తు తిరస్కరిస్తూ కాగితం తయారైంది. బంట్రోతు చేత పంపొచ్చు. మనసొప్పక తనే పట్టుకెళ్లాడు.

అక్క గుమ్మంలోనే నిలబడి అందుకుంది. లోపలికి రమ్మనలేదు. కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది. అందినట్టు సంతకం చేసి, కలం అతనికి తిరిగిచ్చింది.

"ఇంకెక్కడైనా పెట్టాలా అండీ?" అని అడిగింది.