రాజేశం బావ కట్టిన ధర

మా బావ రాజేశం ఇక లేడన్న మాటను నమ్మడం నాకు ఇప్పటికీ సాధ్యపడటం లేదు. ఆ మధ్యాహ్నం నేను జగిత్యాలలో, బడిలో పాఠం చెబుతుండగా చెల్లెలు సుజాత ఫోన్ చేసింది. "అన్నా, ఆయన పనికాడ పడిపోయిండు. లేపితే లేస్తలేడు. నువ్వు జల్ది రా" అంది. నేను సిరిసిల్ల ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయి ఉంది. గుండె ఆగిందన్నారు. ముఖం ప్రశాంతంగానే ఉంది. గోళ్ల సందుల్లో మాత్రం కార్లకు పూసే పాలిష్ తెల్లగా, ఇంకా ఆరకుండా ఉంది.

బావ కార్ల రంగుకు మెరుగు పెట్టేవాడు. రాయికల్‌లో తాళ్లెక్కి కల్లు గీసే గౌడ కుటుంబంలో పుట్టి, గల్ఫ్‌కు వెళ్లి, అక్కడ పాత కార్లను బాగుచేసే ఒక షాపులో ఈ విద్య నేర్చుకున్నాడు. తిరిగొచ్చి కోరుట్లలో రేకుల షెడ్డు వేసుకున్నాడు. కొన్నేళ్లకు షుగర్ ఆయన చూపును సగం తినేసింది. మనుషులను గుర్తుపట్టేవాడు, రోడ్డు దాటేవాడు. రంగు మీది సన్నని గీతలు మాత్రం ఆయన కంటికి అందకుండా పోయాయి. షెడ్డు మూసేస్తాడనే అనుకున్నాం. బీడీలు చుట్టుకుంటున్న నా చెల్లెలి దగ్గర కూర్చుని ఆయన అడిగిన మాట నాకు బాగా జ్ఞాపకం. "సుజాతా, చెయ్యి నాకున్నది, కన్ను నీకున్నది. నాతోని షెడ్డుకు అస్తవా?"

ఆమె వెళ్లింది. మొదట టార్చి పట్టుకుని గీతలు ఎక్కడున్నాయో చెప్పేది. క్రమక్రమంగా మెరుగు పెట్టే మిషన్ కూడా పట్టింది. "బండి కాడ నాకంటె సుజాతనే నయం" అని బావ నలుగురిలో గర్వంగా చెప్పుకునేవాడు. వినేవాళ్లు నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు.

మేడిపల్లి నుంచి ఒక రైతు, చనిపోయిన తండ్రి అంబాసిడర్‌ను తెచ్చి, కొత్తదానిలా మెరిపించమన్నాడు. బావ దాని పైకప్పును అరచేత్తో నెమ్మదిగా తడిమి వద్దన్నాడు. "రంగు పల్చగైంది తమ్మీ. మిషన్ పెడితె రేకు బయటపడ్తది. మీ నాయిన తిరిగిన బండి గదా, గిట్లనే ఉండనియ్యి" అని పంపేశాడు. వచ్చిన పనిని ఎందుకు వదులుకున్నావని నేను అడిగితే, "పోయిన రంగును మల్ల నేను తేలేను బావా" అన్నాడు. ఆనాడు నాకది పనివాడి మాటలాగే వినిపించింది.

ఈ ఏడు ఎండాకాలం రాకముందు సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే ఒక సేటు దగ్గర నుంచి కబురొచ్చింది. ఆయన పాత కార్లను ప్రాణంగా చూసుకునే మనిషి. మగ్గాలు తీసేసిన ఒక పెద్ద షెడ్డు నిండా అంబాసిడర్లు, ఫియట్లు, కాంటెస్సాలు నిలిపి ఉంచాడు. అన్నింటికీ మెరుగు పెట్టాలి, ఎంతవుతుందని ఫోన్‌లోనే అడిగాడట. "చెయ్యి పెట్టి చూడంది ధర చెప్పలేను సేటు" అన్నాడట బావ. అంత పెద్ద పని ఆయన జీవితంలో ఎన్నడూ రాలేదు. తోడుగా రమ్మంటే సుజాతతో పాటు నేనూ వెళ్లాను.

ఆ రోజు ఆయన ధర కట్టిన తీరు ఒక అనుష్ఠానంలా ఉంది. ప్రతి కారుకూ తలుపు కింద అరచేయంత జాగాలో మెరుగు పెట్టి చూశాడు. సుజాత టార్చి వేసి, "గీతలు ఇంకా ఉన్నయి", "ఇగ పోయినయి" అని చెబుతుంటే, ఏ కారు రంగు ఎంత మొండిగా ఉందో, దానికి ఎంత శ్రమ పడుతుందో మనసులో అంచనా వేసుకున్నాడు. చివరకు సామానుకింత, తనకింత, సుజాతకింత అని విడివిడిగా చెప్పాడు. తన కూలీ, ఆమె కూలీ సమానం.

సేటు ఆశ్చర్యపోయాడు. "సామానుకు ఇస్త, నీకూ ఇస్త. ఆమె లైటు వట్టుకున్నందుకు గంత కూలా రాజేశం?"

"లైటు గాదు సేటు, కన్ను. అగ్గువ గావాల్నంటె నా దాంట్ల తగ్గించుండ్రి. ఆమె దాంట్ల ఒక్క రూపాయి గూడ తగ్గది."

సుజాత తలవంచుకుని టార్చి వైరు చుడుతోంది. సేటు బావ వాటాలో కొంత తగ్గించి ఒప్పుకున్నాడు. బస్సులో బావ పెళ్లికి వెళ్తున్నవాడిలా ఉన్నాడు. "గీ పని చూసినోల్లు సుజాతను పేరువెట్టి పిలుస్తరు చూడు బావా" అన్నాడు.

చూడటానికి ఆయన మిగల్లేదు. సగం కార్లు పూర్తయి, ఒక కాంటెస్సా మీద పని నడుస్తుండగా ఒరిగిపోయాడు.

కర్మకాండ ముగిసిన కొన్నాళ్లకు, మిషన్లు తీసుకుపొమ్మని సేటు కబురు పెట్టాడు. చెల్లెలిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన దుర్మార్గుడు కాడు. చేసిన పనికి ఒప్పుకున్న ధర ప్రకారమే డబ్బు చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకున్నాడు. సుజాత డబ్బు లెక్కపెట్టకుండానే అడిగింది.

"సేటు, మిగిలిన బండ్లు నేను జేస్త."

"ఒక్కదానివి ఎట్ల జేస్తవమ్మా?"

"ఆయన ఉన్నప్పుడు గూడ మిషన్ నేను వట్టిన. ఆయన కాడనే నేర్సుకున్న. గా కాంటెస్సా ఒక్కటన్న జెయ్యనియ్యుండ్రి. నచ్చకపోతె పైసలియ్యకుండ్రి."

"పెద్ద ఖరీదైన బండ్లు బిడ్డా. నీకు జెయ్యరాదని గాదు, నాకే ధైర్యం సాల్తలేదు. వేరేటోల్లకు అప్పజెప్పిన" అన్నాడు సేటు, మెల్లగా. నేను బతిమాలాను. ప్రయోజనం లేకపోయింది. సుజాత కాంటెస్సా దగ్గరకు వెళ్లి, మెరిసే భాగం, మాసిన భాగం కలిసే చోట కాసేపు చేయి ఆనించి నిలబడి, వచ్చేసింది.

తిరుగు ప్రయాణంలో బస్సు వేములవాడ దాటింది. కిటికీలోంచి చూస్తూనే సుజాత అంది. "నాకు ధర గట్టెటోడు పోయిండన్నా."

ఎందరికో సంతాపవాక్యాలు రాసిచ్చిన చేయి నాది. సొంత బావకు రాయబోతే నివాళి అనే పదమే బోలుగా తోస్తోంది. చూపు మసకబారిన ఆ మనిషి నా తోబుట్టువును చూసినంత స్పష్టంగా, కళ్లున్న మేమెవరమూ ఆమెను చూడలేదు. అటువంటి మనిషిని ఈ నేల మళ్లీ నాకు చూపిస్తుందన్న ఆశ లేదు. రాజేశం బావకు రెండు చేతులూ జోడిస్తున్నాను.

కోరుట్ల షెడ్డుకు తాళం పడింది. సుజాత మళ్లీ బీడీలు చుడుతోంది. అక్కడ కూలీ ఎంతో కార్ఖానావాళ్లే చెబుతారు. ఆమె తలూపి ఆకు కట్ట తెచ్చుకుంటుంది.