ఎక్కకుండానే నిండిన బస్సు

"…వంతెన బాగోలేదా, వంతెన మీద నేను వేసిన బొమ్మలు బాగోలేవా? ముందు అది తేల్చు."

"బొమ్మల ఊసు ఎవరెత్తారురా? బస్సు వంతెన ఎక్కేటప్పుడు ఓ కుదుపు ఉంది. అది నాకు నచ్చట్లేదు."

"పోయిన నెల వాన నచ్చలేదు. అంతకు ముందు హారన్ నచ్చలేదు. నీకు నచ్చనిది కుదుపు కాదు బావా. అది పూర్తవడమే నీకు నచ్చదు."

"నోటికొచ్చినట్టు మాట్లాడకు."

"అక్కా! నువ్వన్నా చెప్పవే!"

పక్క గదిలో తెల్లకోటు ఇస్త్రీ చేసుకుంటున్న అక్క తల ఎత్తలేదు. "నన్ను లాగకండి. మీ బస్సులోకి ఎక్కించేటప్పుడు నన్ను అడిగారా?" అంది.

ఆ బస్సు కంప్యూటర్ గేములోది. వెనకగదిలో, చిన్న టీవీ అంత తెర మీద నడుస్తుంది. అందులో చేతిసంచితో ఓ లావుపాటి ఆవిడ ఎక్కుతుంది. తన స్టాపు దాటిపోతే సంచితో డ్రైవరు నెత్తిన ఒక్కటి వేస్తుంది. ఆ బొమ్మ వేసింది తమ్ముడు. సంచి ఊపు కుదిర్చింది అక్క భర్త. ఆవిడ ఎవరని అక్క ఇద్దర్నీ విడివిడిగా అడిగింది. ఇద్దరూ ఎవరూ కాదన్నారు.

భర్త లిఫ్టుల మెకానిక్. కుదురు తక్కువ మనిషి. అన్నం నిలబడి తింటాడు. బస్సు కోసం స్టాపులో ఆగలేక తర్వాతి స్టాపుకి నడుస్తాడు, రెండింటి మధ్యలో ఉండగా బస్సు అతన్ని దాటి పోతుంది. ఇంట్లో స్విచ్చుబోర్డులకీ, గ్రైండరుకీ, రేడియోకీ ఏదో ఒక పక్క మూత ఉండదు. "మూతలుండేది మా ల్యాబులో సీసాలకే" అంటుంది భార్య. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది.

మొదటి పాత కంప్యూటరు అతనికి పనిలోనే దొరికింది. ఓ ఆఫీసులో లిఫ్టు బాగుచేసి, బరువు పెట్టి చూడటానికి ఏమైనా సామాను ఉందా అని అడిగితే, అక్కడి అటెండరు పారేయాల్సిన కంప్యూటర్లని తెచ్చి లోపల పేర్చాడు. కిందికి దిగాక, "పనిలో పనిగా ఒకటి పట్టుకుపొండి, మాకు మోత తప్పుతుంది" అన్నాడు. అది కీబోర్డులోనే మెషినంతా ఇమిడి ఉన్న రకం. ఇంటికి తెచ్చిన సాయంత్రమే దాన్ని విప్పాడు. దాని తర్వాత ఇంకొకటి వచ్చింది, దానికి తోడు మరొకటి. వెనకగదిలో బట్టల బీరువా హాల్లోకి జరిగింది, ఆ తర్వాత మంచమూ జరిగింది.

పాత ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. అది పోవాలంటే జుట్టు రంగు తీసే క్రీము పూసి, పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి ఎండలో పెట్టాలి. క్రీము కోసం బ్యూటీ సామాన్ల షాపుకి వెళితే అక్కడి అమ్మాయి, "మీ ఆవిడకా సార్? జుట్టు ఏ రంగు?" అని అడిగింది. "కీబోర్డుకండీ" అన్నాడు. అప్పట్నుంచీ ఆ షాపులో అతని పేరు కీబోర్డు సారు. డాబా మీద బట్టల తీగ కింద నాలుగైదు కీబోర్డులు ఆరబోసి ఉంటే, ఎదురింటి పెద్దావిడ ఇవేం పంట నాయనా అని అడిగేది.

గేమ్ మొదట లారీది. కొండదారిలో సరుకు చేరవేయాలి, అంతే. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మెకానిక్ దాని లోపలికి దిగి, ఏ అంకె మారిస్తే ఏం మారుతుందో తడుముకుంటూ కనిపెట్టాడు. ఇలా పాత గేమును మార్చడాన్ని ఈ పిచ్చి ఉన్నవాళ్ళు మోడింగ్ అంటారు. లారీ బస్సయింది. కొండదారి వీధులైంది. సరుకు మనుషులైంది.

ఆ మనుషుల్ని గీసింది బావమరిది. అతను ప్రింటింగ్ షాపులో విజిటింగ్ కార్డులూ, బ్యానర్లూ తయారుచేస్తాడు. కస్టమరు పక్కనే కుర్చీ వేసుకుని "ఇంకొంచెం ఎరుపు, ఇంకొంచెం పెద్దగా, నా ఫొటో ఇంకొంచెం తెల్లగా" అంటూ ఉంటే అలాగే చేస్తాడు. గేములోని ప్రయాణికులు మాత్రం ఎవరూ పక్కన కూర్చుని చేయించినవి కావు. ఆ మెషిన్లో ఒక మనిషికి దక్కేవి గుప్పెడు చుక్కలు. ముక్కుకి ఒక్క చుక్క ఖర్చుపెట్టాలా వద్దా అని బావమరిది సెలవురోజంతా ఆలోచించిన సందర్భాలున్నాయి. దగ్గే ముసలాయన, కిటికీ పక్క సీటు తప్ప కూర్చోని పిల్ల, టికెట్టు కొనకుండా దిగిపోయే టై కట్టుకున్న పెద్దమనిషి. వీళ్ళని ఆ ఇంట్లోవాళ్ళు తప్ప ఇంకెవరూ చూడలేదు.

లైబ్రరీ మేడ మీది హాల్లో ఏటా పాత కంప్యూటర్ల వాళ్ళు కలుస్తారు. తమ మెషిన్లు బల్లల మీద పెడతారు, జనం వచ్చి ఆడతారు. బావా బావమరుదులు రెండుసార్లు పేరిచ్చారు, రెండుసార్లూ ఆఖరి వారంలో వెనక్కి తీసుకున్నారు. ఇంకా అవ్వలేదు అన్నది మెకానిక్ మాట. ఈ ఏడు మూడోసారి. ఆదివారమే.

"మా ఓనర్ని పిలిచాను. బ్యానర్ కూడా కొట్టించాను" అన్నాడు బావమరిది, గొంతు తగ్గించి. "నా బొమ్మలు ఒక్కళ్ళన్నా చూడాలి కదా బావా? ఈసారి కూడా కాదంటే ఇక నన్ను పిలవకు. నువ్వూ నీ వంతెనా ఉండండి."

మెకానిక్ లేచి గది చివరిదాకా వెళ్ళి వచ్చాడు. "సరే, అసలు మెషిన్ మీద ఒకసారి వేసి చూద్దాం" అన్నాడు.

ఇన్నాళ్ళూ వాళ్ళు పనిచేసింది లాప్‌టాప్‌లో. పాత మెషిన్లా నటించే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది, దాన్లో నడిపి చూసుకునేవారు. అసలు మెషిన్ ఖాళీగా ఉంటే కదా! మెకానిక్ దాన్ని ఎప్పుడూ ఏదో ఒకటి మార్చడానికి విప్పే ఉంచేవాడు. కానీ లైబ్రరీలో లాప్‌టాపులు పనికిరావు. అది వాళ్ళ నియమం.

డిస్కు పెట్టి స్విచ్చు వేశారు. బస్సు డిపోలోంచి బయటికొచ్చింది. మొదటి స్టాపులో జనం నిలబడి ఉన్నారు. బస్సు ఆగింది. ఎవరూ ఎక్కలేదు. పైన, సీట్లు నిండాయి అని రాసి ఉంది. రెండో స్టాపులోనూ అంతే. మూడో స్టాపు దగ్గర బస్సు, ఎక్కనే లేని ఎవర్నో దింపబోయింది. ఎవరూ దిగలేదు. తెర అంతా చెత్త అక్షరాలతో నిండి మెషిన్ బిగుసుకుపోయింది.

"ఎక్కకుండానే నిండిపోయిందే! మన ఊరి బస్సులు కూడా ఇంత ఘోరం కాదు" అన్నాడు బావమరిది. నవ్వలేదు.

మళ్ళీ వేశారు. ఈసారి సవ్యంగా నడిచింది. మళ్ళీ వేస్తే మళ్ళీ నిండింది. లాప్‌టాప్‌లో ఒక్కసారి కూడా ఇలా జరగలేదు.

"ఆదివారం లోపల పట్టుకుంటావా?"

"చూస్తా."

గురువారం మెకానిక్ ఓ పాత అపార్టుమెంటులో పనిలో ఉండగా కరెంటు పోయి వచ్చింది. లిఫ్టు ఎవరూ నొక్కకుండానే కిందికి బయల్దేరింది. పై అంతస్తులో కూరగాయల సంచితో నిలబడ్డ పెద్దాయనకి చిరాకేసింది. "నేనిక్కడ నొక్కితే అది కిందికి పోతుందేమయ్యా? దానికి చెవుడా?"

"కరెంటు పోయి వచ్చాక తను ఎక్కడుందో దానికి తెలీదండీ. ముందు అట్టడుక్కి దిగి, అక్కణ్ణుంచి లెక్క మొదలెడుతుంది" అన్నాడు మెకానిక్. ఎన్నో ఇళ్ళలో ఎంతోమందికి చెప్పిన మాటే. చెప్పి, స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఇంట్లోని పాత మెషిన్ స్విచ్చు వేయగానే దాని మెమరీ ఖాళీగా ఉండదు. ఏవో అర్థంలేని అంకెలు పడి ఉంటాయి. లాప్‌టాప్‌లోని నటన ప్రోగ్రాము మాత్రం ప్రతిసారీ శుభ్రంగా తుడిచి ఇస్తుంది. అందుకే బస్సు బయల్దేరేముందు ప్రయాణికుల లెక్క సున్నా చెయ్యాలన్న సంగతి అతనికి తట్టలేదు. చెత్త అంకెనే బస్సు జనం అనుకుంటోంది. ప్రోగ్రాములో ఒక్క వరస రాస్తే సరిపోతుంది.

సాయంత్రం బావమరిది ఫోన్ చేశాడు. "దొరికిందా?"

"చూస్తున్నా."

ఆ ఒక్క వరస రాయలేదు. వాన చినుకులు కాస్త ఏటవాలుగా పడేలా మార్చాడు. మళ్ళీ నిటారుగా చేశాడు. బాల్కనీలోకి వెళ్ళాడు, వచ్చాడు. ఫ్రిజ్ తలుపు తీసి ఏమీ తీసుకోకుండా మూశాడు. కాలుగాలిన పిల్లిలా హాల్లో తిరుగుతున్నవాణ్ణి భార్య డ్యూటీ నుంచి వచ్చి చూసింది.

"బస్సు ఇంకా నిండుగానే ఉందా?"

"ఉంది."

"వాడు బ్యానరు ఫొటో పంపాడు చూశారా? బొమ్మలన్నీ వరసగా నిలబెట్టాడు. నేను చిట్టచివర."

"నువ్వు కాదు అది."

"సరే, ఆ సంచావిడ చిట్టచివర." ఆమె చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంది. "మా ల్యాబులో పరీక్షయ్యాక సీసాకి ఒకసారి సీలు వేస్తే మళ్ళీ తెరవం. తెరిస్తే అందులోది ఎందుకూ పనికిరాదు."

"రక్తం వేరు, ఇది వేరు."

"నాకేం తెలుసు? మాటవరసకన్నాను."

శుక్రవారం కూడా బావమరిది ఫోన్ చేశాడు. శుక్రవారం కూడా మెకానిక్ చూస్తున్నానన్నాడు. ఆరోజు ఓ ఆసుపత్రి లిఫ్టు తలుపు బాగుచేసి, సంచి అక్కడే మర్చిపోయి, సగం దూరం వచ్చి వెనక్కి వెళ్ళాడు.

శనివారం పొద్దున బావమరిది ఓనరుగారి కారులో వచ్చాడు. చంకలో చుట్టిన బ్యానరు ఉంది. కూర్చోలేదు.

"లైబ్రరీ నుంచి ఫోన్ చేశారు. పేరు ఉంచాలా తీసెయ్యాలా అని. మధ్యాహ్నం చెప్తానన్నా. ఏం చెప్పమంటావు బావా?"

మెకానిక్ వెనకగదిలోకి నడిచాడు. లాప్‌టాప్ ముందు కూర్చుని కావలసిన చోటికి నేరుగా వెళ్ళాడు. వెతకలేదు. భార్య తెచ్చిన టీ చల్లారేలోపు వరస రాయడమూ, డిస్కులోకి ఎక్కించడమూ అయిపోయాయి. డిస్కు అసలు మెషిన్లో పెట్టి స్విచ్చు వేశాడు.

బస్సు ఖాళీగా బయల్దేరింది. స్టాపులో అందరూ ఎక్కారు. ఆపి, మళ్ళీ వేశాడు. మళ్ళీ ఖాళీ. బావమరిది తనే స్విచ్చు దగ్గరికి జరిగి ఎన్నిసార్లు వేసినా ఖాళీ బస్సే వచ్చింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఎప్పుడు దొరికింది?"

మెకానిక్ తెర వైపే చూశాడు. "గురువారం."

"నిన్న ఫోన్లో చూస్తున్నానన్నావు."

"చూస్తూనే ఉన్నాను."

బావమరిది స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బ్యానరు ఒళ్ళో పెట్టుకున్నాడు. భార్య, "జరగండి, నేనొకసారి నడుపుతాను" అని వాళ్ళ మధ్యలో దూరింది. ఆమె ఆ బస్సు నడపడం అదే మొదలు. దగ్గే ముసలాయన్ని దింపింది. పిల్లకి కిటికీ సీటు దొరికింది. సంచావిడ స్టాపు మాత్రం దాటిపోయింది. డ్రైవరు నెత్తిన దెబ్బ పడింది.

"నన్ను నేనే కొట్టుకున్నానన్నమాట" అంది.

తమ్ముడు నవ్వాడు. ఆపుకోలేక గట్టిగానే నవ్వాడు. "చూశావా, చూశావా, మొహం ఎలా పెట్టిందో! ఆ కనుబొమ్మ కోసం ఎంత తంటాలు పడ్డానో తెలుసా?"

బస్సు వంతెన ఎక్కింది. చిన్న కుదుపు.

"అదిగో, అక్కడ!" మెకానిక్ చెయ్యి లాప్‌టాప్ మీదికి వెళ్ళిపోయింది. "అది ఒక్కటీ పది నిమిషాల్లో…"

అక్కా తమ్ముడూ ఇద్దరూ అతని వైపు తిరిగారు. అతను చెయ్యి వెనక్కి తీసుకుని ప్యాంటుకి తుడుచుకున్నాడు. లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. కింద ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి కిక్కు మీద కిక్కు కొడుతున్నారు. అది అందుకునేదాకా అక్కడే నిలబడి, లోపలికి వచ్చాడు.

మెషిన్ ఆపి, వైర్లు ఒక్కొక్కటే పీకి, చుట్టి, దుప్పటి పరిచి అందులో పెట్టాడు. డిస్కుల డబ్బా పెట్టాడు. లాప్‌టాప్ మూసి దాని పక్కన పెట్టాడు.

"ఇదంతా ఇప్పుడే మీ ఇంటికి పట్టుకుపోరా" అన్నాడు.

"ఇప్పుడెందుకు బావా? రేపు పొద్దున కారు తెస్తాగా, ముగ్గురం కలిసే…"

"ఇప్పుడే. లైబ్రరీ వాళ్ళకి పేరు ఉంచమని చెప్పు. రేపు నువ్వూ మీ అక్కా వెళ్ళండి. నేను రాను. వస్తే అక్కడ కూడా విప్పుతా."