ఎర్ర బోణీ

కుదురుగా ఒకచోట కూర్చోవడం నాకు చేతకాదు. "కాలుగాలిన పిల్లిలాగ తిరుగుతాది ఇది" అని మా అమ్మ విసుక్కుంటుంది. అలాంటిదాన్ని పోయి పోయి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పడ్డాను. శ్రీకాకుళంలో మందుల షాపు మేడమీద రెండు గదుల ఆఫీసు మాది. వేటకెళ్ళే పడవల వాళ్ళ కోసం ఒక యాప్ చేస్తున్నాం. సముద్రం మీద గాలి మారుతోందని కబురొస్తే ఫోన్ గట్టిగా మోగాలి, వాళ్ళు ఒడ్డుకు తిరగాలి. మా నాన్న కూడా ఆ పడవల మనిషే.

"నా ఫోన్లో ఎప్పుడెట్టుకోవాలే?" అని రోజూ అడిగేవాడు.

"నేను చూశాక చెప్తాను నాన్నా" అనేదాన్ని.

అప్పటిదాకా మా టెస్టింగ్ అంతా ఎక్సెల్ షీట్లలో, వాట్సాప్‌లో నడిచేది. ఎవరు ఏది చూశారో, ఏ వారం చూశారో ఎవరికీ తెలిసేది కాదు. "అది చూశావా?" అంటే "చూసినట్టే గుర్తు" అనుకునేవాళ్ళం. ఈ గోల భరించలేక మా సార్ ఒక టెస్ట్ మేనేజ్‌మెంట్ టూల్ తీసుకున్నారు. ప్రతి పరీక్షనూ అందులో రాసిపెట్టుకోవాలి. ఏం చెయ్యాలి, ఏం జరగాలి, నిజంగా ఏం జరిగింది, పాసా ఫెయిలా, చూసింది ఎవరు. పాసైతే తెర మీద పచ్చగా, ఫెయిలైతే ఎర్రగా పడుతుంది. వాటన్నిటినీ ఒక వరసలో నడిపితే దాన్ని రన్ అంటారు.

పాత షీట్లు అందులోకి ఎక్కించేసరికి నా ప్రాణం విసిగిపోయింది. గడులు జరిగిపోయి, చెయ్యాల్సిన పని ఉండాల్సిన చోట రావాల్సిన ఫలితం వచ్చి కూర్చుంది. తిట్టుకుంటూ అన్నీ చేత్తో సరిచేశాను. అలా చేస్తుంటే నా పాత రాతలు చూసి నాకే ఒళ్ళు మండింది. "అలారం సరిగ్గా మోగాలి" అని రాసి ఉంది. సరిగ్గా అంటే ఏటి? చెరిపేసి, మా నాన్న ఫోన్ ఎలా వాడతాడో తలచుకుంటూ కొత్తగా రాశాను. ఫోన్ ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. చార్జింగ్ అయిపోకుండా బ్యాటరీ సేవర్ ఎప్పుడూ వేసే ఉంటుంది. సిగ్నల్ పోతుంది, చాలాసేపటికి వస్తుంది. అది వచ్చిన క్షణాన అలారం మోగాలి.

మొదటి రన్‌కి సార్ మంచిరోజు చూశారు. ఆయనది బొబ్బిలి వైపు, పట్టింపులెక్కువ. కొబ్బరికాయ కొట్టి నా ల్యాప్‌టాప్‌కి కుంకుమ బొట్టు పెట్టారు. రన్ ముగియగానే రిపోర్టు, యాప్ చేయిస్తున్న మత్స్యకారుల సంఘానికి దానంతటదే వెళ్ళేలా ముచ్చటపడి ఆయనే పెట్టించారు.

"బోణీ అమ్మా ఇది. అంతా పచ్చగా ఉండాల" అన్నారు.

నవ్వుకోలేదు నేను. బోణీ అయ్యేదాకా మా అమ్మ చేపల గంప ముందు నుంచి లేవదు, మంచినీళ్ళు కూడా తాగదు. ఆ నమ్మకం నాలోనూ ఉంది.

ఒక్కొక్కటీ పచ్చబడుతూ వచ్చింది. చివరగా అలారం దగ్గరికి వచ్చాను. బ్యాటరీ సేవర్ వేసి, సిగ్నల్ ఆపి, కాసేపాగి మళ్ళీ పెట్టాను. తెర మీద కబురొచ్చింది. చప్పుడు రాలేదు. ఇంకోసారి చూశాను. కిందికి దిగి రోడ్డు మీద నిలబడి చూశాను. ఫోన్ మూగగానే ఉంది. ఆఫీసులో కోడ్ రాసేతను, నేను అన్నయ్యా అని పిలుస్తాను, తలెత్తకుండా "అది ఫోన్ సెట్టింగ్, మనది కాదులే" అన్నాడు.

సార్ వచ్చారు. "ఏటమ్మా, ఆగిపోనావు?"

"బ్యాటరీ సేవర్‌లో ఉంటే అలారం మోగట్లేదు సార్."

"అంతేనా? ఈయేల్టికి పాస్ కొట్టీ. రేపు ఫెయిల్ సేద్దువు గాని. బోణీకి ఎరుపేటమ్మా?"

నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పైగా ఆయన చెడ్డవారేమీ కాదు, నాకీ పని నేర్పిందే ఆయన. ఎర్ర బోణీ అంటే ఆయనకెంత భయమో నాకూ అంతే భయం. కానీ ఆ రిపోర్టు చూసి ఫోన్ను నమ్ముకుని సముద్రం మీదికి వెళ్ళేది మావాళ్ళు.

"మా అమ్మ బోణీకి మెత్తబడిన చేప ఇవ్వదు సార్. మంచిదే ఏరి ఇస్తాది" అన్నాను.

"నానేటి సేపలమ్ముతన్నానా!" అని కసిరారు.

ఫెయిల్ నొక్కేశాను. అన్ని పచ్చల మధ్య ఎర్రగా ఒకటే గీత, పక్కన నా పేరు. రిపోర్టు వెళ్ళిపోయింది. సార్ తన గది తలుపు ధడాలున వేసుకున్నారు. నేను టీ కొట్టుకెళ్ళి గ్లాసు పట్టుకుని అటూ ఇటూ తిరిగాను. టీ చల్లారిపోయింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. "అయిందేటే?"

"మోగలేదు నాన్నా."

"అయితే వద్దులే. మోగినాక సెప్పు" అని మళ్ళీ పనిలో పడ్డాడు.

సంఘం వాళ్ళు మర్నాడు ఫోన్ చేసి, అలారం ఎప్పటికి బాగవుతుందో మాత్రం అడిగారట. సార్ కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నారు. అన్నయ్య గొణుక్కుంటూనే కోడ్ మార్చాడు. మళ్ళీ రన్ పెట్టాం. కవర్లో చుట్టి చూశాను, చార్జింగ్ అడుగంటినప్పుడు చూశాను. కింద మందుల షాపు వాళ్ళు బయటికొచ్చి పైకి చూసేంతగా మోగింది.

ఇక పాస్ నొక్కడమే. నా చెయ్యి ఆడలేదు. ఫెయిల్ నొక్కిన రోజు మహా అయితే నా ఉద్యోగం పోయేది. ఇప్పుడు నేను పాస్ అంటే నాన్న నమ్మేస్తాడు.

"కొట్టమ్మా, మోగింది కదా" అన్నారు వెనక నుంచి సార్, మెల్లగా. నొక్కాను.

ఆ సాయంత్రం నాన్న ఫోన్లో యాప్ పెట్టాను. ఎలా మోగుతుందో వినిపిస్తానన్నాను.

"నువ్వు సూసినావు కదే" అని నా చేతిలోంచి ఫోన్ తీసుకుని కవర్లో చుట్టేశాడు.

తెల్లారి నాన్న పడవెక్కాడు. నేను మొదటి బస్సుకే ఆఫీసుకెళ్ళి, ఎవరూ రాకముందే ఆ అలారం పరీక్షను మళ్ళీ మొదటి నుంచి నడిపాను.