తోడల్లుడి కారులో మెరుపులు

ఆ వీధిలో అతన్ని చెవుల మేస్త్రీ అనేవారు. బండి సందు మలుపు తిరక్కముందే, చప్పుడు విని జబ్బేమిటో చెప్పేసేవాడు. ఇంజను పేలుతోందంటే, చప్పుడు వెనక సైలెన్సర్లోంచి వస్తే కాలని పెట్రోలు అక్కడికి చేరిందనీ, ముందు కార్బురేటర్లోంచి వస్తే నిప్పు వేళకాని వేళ పుట్టిందనీ అతని లెక్క.

అలాంటివాడికి తోడల్లుడి పాత కారు చుక్కలు చూపించింది. ఓసారి ముందు పేలేది, ఓసారి వెనక. ప్లగ్గులు మార్చాడు, కార్బురేటర్ కడిగాడు, టైమింగ్ సరిచూశాడు. ఎండ కాసినన్నాళ్లూ బుద్ధిగా తిరిగి, ముసురు పట్టగానే మళ్లీ ఢాం!

"మీ చెవులకి కళ్లజోడు పెట్టించాలి అన్నయ్యా. ఇవాళ ఆ ఢాంకి ఉలిక్కిపడి పక్కింటాయన కాఫీ అంతా ఒంటిమీద పోసుకున్నాడు," అన్నాడు తోడల్లుడు.

మేస్త్రీ నవ్వలేదు. చెవులు మందగించాయేమోనని లోలోపల బెంగ పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం, ఇంటిని ఆనుకున్న మేస్త్రీ షెడ్డులోకి జల్లు కొడుతోందని షట్టరు దించారు. పొగ పోవాలని కారు వెనక భాగం పెరటి తలుపు బయటికి ఉంచారు. అంతలో కరెంటు పోయి లోపల చీకటి కమ్మింది.

"ఇంజను ఆపనా?" అన్నాడు సీట్లో కూర్చున్న తోడల్లుడు.

"వద్దు, ఇంకాస్త తొక్కు," అంటూ మేస్త్రీ బానెట్ కింద చెవి ఒగ్గాడు. ఒగ్గినవాడు అలాగే ఉండిపోయాడు.

ప్లగ్గు వైర్ల మీద నీలిమెరుపులు! దారప్పోగుల్లా సన్నగా, తడిసిన పాత వైర్ల పగుళ్లలోంచి ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకుతున్నాయి. ఒక సిలిండర్‌కి అందాల్సిన నిప్పు పక్కదాంట్లో పడుతోంది. అందనిచోట కాలని పెట్రోలు వెనక్కిపోయి పేలుతోంది. చెవులు అబద్ధమాడలేదు. కానీ ఆ ఊరట అతనికి తట్టనేలేదు. ఆ మెరుపుల మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

"దొరికిందా?"

"దొరికింది. వైర్లు మార్చాలి."

"మరి మార్చండి!"

"ఉండవయ్యా, ముందు మీ వదిన్ని పిలుచుకొస్తా."

ఇంట్లోంచి భార్య తడిచేతులు దులుపుకుంటూ వచ్చింది. "ఏం కొంపలు మునిగాయి?"

"ముట్టుకోకు. చూడు."

ఆమె రెప్ప వేయడం మర్చిపోయింది. "ఇన్నేళ్లూ మీరు పనిచేసింది వీటితోనా?" అంది గొంతు తగ్గించి.

"వీటితోనే. కళ్లారా చూడ్డం నాకూ ఇదే మొదలు."

సీట్లోంచి తోడల్లుడు గోల మొదలుపెట్టాడు, కారు తనదైతే వేడుక వాళ్లదా అని. మేస్త్రీ అతని చోట కూర్చున్నాక వచ్చి చూసి, జోకులన్నీ మింగేశాడు.

కొత్త వైర్లు వేశాక, ఆ చీకట్లోనే మళ్లీ స్టార్ట్ చేశారు. పేలుడు లేదు, మెరుపూ లేదు.

"అయ్యో, పోయాయే!" అంది భార్య.

"ఎక్కడికీ పోలేదు. లోపల వెలుగుతున్నాయి, విను," అన్నాడతను.